కడ్డీ కోడలు, రంధ్రం అత్తగారు

లేత్ మిషన్ మీద లోహాన్ని తిప్పి చెక్కే టర్నర్ షాపులో ఒక సామెత ఉండేది. కడ్డీ కోడలు, రంధ్రం అత్తగారు. ఇద్దరికీ పొసగకపోతే సర్దుకోవలసింది కోడలే. పని నేర్పిన మేస్త్రి దగ్గర టర్నర్ ఆ మాట విన్నాడు. దాని వెనక ఒక లెక్క ఉంది. కడ్డీ రంధ్రంలో సరిగ్గా పట్టాలి. రంధ్రాన్ని ఒకసారి పెద్దది చేస్తే మళ్ళీ చిన్నది చేయలేం. పైగా రంధ్రం ఉన్న భాగం పెద్దది, ఖరీదైనది. కడ్డీ అలా కాదు. లేత్‌కి బిగించి ఒక పొర తీసేస్తే సరిపోతుంది. పాడైతే ఇంకోటి చేసుకోవచ్చు.

మధ్యాహ్నం భోజనం తెచ్చే అతని భార్యకు ఆ సామెత నచ్చేది కాదు. అది చెప్పింది ఎవరో అత్తగారే అయ్యుంటుందని అనేది.

వీధిలో టర్నర్‌ని వెంట్రుకవాసి అని పిలిచేవారు. ఏ కొలత చెప్పినా "వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు" అనడం అతనికి అలవాటు. తలమీద ఒక్క వెంట్రుక లేని మనిషికి ఆ పేరు పెట్టింది అతని చెల్లెలు.

చెల్లెలు సిటీ బస్సులో కండక్టర్. రెండేళ్ళ కిందట డిపోలో వెనక్కి వస్తున్న బస్సు ఆమె కుడికాలి మీదుగా పోయింది. డాక్టర్లు కాలును మోకాలి పైన తీసేశారు. ఆస్పత్రి నుంచి ఆమె అన్నయ్య ఇంటికి వచ్చింది. కొన్ని నెలలకు కొయ్యకాలు పెట్టించుకుంది, కర్రలతో నడిచింది, తర్వాత కర్రలు వదిలేసింది. ఇక తన బస్సు తనకు ఇమ్మని డిపోకి వెళ్ళి అడిగింది.

డిపో ఆఫీసర్ కాదనలేదు. నెలాఖరు శుక్రవారం పరీక్ష పెడతామన్నాడు. బస్సు ఎక్కాలి, దిగాలి, నడుస్తున్న బస్సులో ఆ చివర నుంచి ఈ చివరకు టికెట్లు కొట్టుకుంటూ రావాలి. నిలబడలేకపోతే బస్టాండులో పాసులిచ్చే కౌంటర్ ఉంది. గాజు కిటికీ, లోపల కుర్చీ, నెత్తిమీద ఫ్యాను. ఒకసారి ఆ కుర్చీలో వేస్తే ఇక బస్సుకు మార్చడం ఉండదు.

కుర్చీ తీసుకోమని అన్నయ్య చెప్పాడు. సర్దుకుంటే పోయేదేముందన్నాడు.

"కూచుని చేసే పనే కావాలనుకుంటే జడ్జినయ్యేదాన్ని" అంది చెల్లెలు.

ఆ తర్వాత అన్నయ్య ఆమెకు చెప్పకుండా డిపోకి వెళ్ళాడు. తాను నచ్చజెబుతానని, కుర్చీ ఎవరికీ ఇవ్వొద్దని ఆఫీసర్ని కోరాడు. ఆ సంగతి భార్యకు మాత్రమే చెప్పాడు. అది చెల్లెలికి తెలిసే రోజేదో ముందుగా చెబితే తాను ఆ పూటకు పుట్టింటికి వెళ్ళిపోతానంది ఆమె.

అయినా కాలికి కావలసిన పని చేసి పెడుతూ వచ్చింది అన్నయ్యే. కొయ్యకాలుకు మోకాలి దగ్గర తలుపు బందులాంటిది ఉంటుంది. ఆ బందులో చిటికెన వేలంత పిన్ను. పిన్ను బుష్‌లో, అంటే చిన్న కంచు గొట్టంలో తిరుగుతుంది. కాలు మడిచినా చాచినా భారం దానిమీదే. కాలుతో పాటు వచ్చిన పిన్ను అరిగిపోతే, గట్టి ఉక్కుతో అన్నయ్య ఇంకోటి చేశాడు. అది వానకు, చెమటకు తుప్పు పట్టింది. ఒకరోజు మార్కెట్ దగ్గర బందు మడతపడకుండా బిగుసుకుపోయి చెల్లెలు రోడ్డుమీద పడింది. తుప్పు పట్టకూడదని ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశాడు. తుప్పు పట్టలేదు గాని అరిగింది. రోడ్డు మీది దుమ్ము కంచులో దిగబడి, కూర్చున్న చోటు నుంచే గరుకు కాగితంలా పిన్నును తింది. వారం తిరగకముందే మోకాలు పక్కలకు ఊగడం మొదలెట్టింది.

అరిగిన పిన్ను పట్టుకుని అన్నాచెల్లెళ్ళు బాబాయి దగ్గరికి వెళ్ళారు. ఆయన ఎవరికీ బాబాయి కాదు. లోహాన్ని పొయ్యిలో పెట్టి గట్టిపరిచే పని ఆ పేటలో ఆయనదే కాబట్టి ఆ పేటంతటికీ బాబాయి. ఆయన షాపు ఒకటే గది. ఒక మూల కరెంటు పొయ్యి, ఎదురుగా బల్ల, బల్ల కింద పిల్లి.

ఈ పిన్నును పొయ్యిలో పెట్టి గట్టిచేసి ఇమ్మని టర్నర్ అడిగాడు. బాబాయి తల అడ్డంగా ఊపాడు. మామూలు ఉక్కయితే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, ఈ జాతికి ఆ బుద్ధి లేదు, కాల్చి ముంచితే ఇంకా మెత్తబడుతుంది అన్నాడు. దీన్ని ముందు నొక్కాలి. చెక్కకూడదు, నొక్కాలి. పైతోలు బాగా నలగాలి. ఆ తర్వాత చిన్న వేడిమీద మాగబెట్టాలి. తొందరపడి వేడి పెంచితే నొక్కిందంతా విడిపోయి మొదటికొస్తుంది.

మాగబెట్టడం అనేది బాబాయి మాట. మిగతా షాపుల్లో దాన్ని ఏజింగ్ అంటారు. గడ్డిలో పెట్టిన కాయ ఎవరూ ముట్టుకోకుండానే పండినట్టు, నలిగిన లోహం వెచ్చదనంలో తనంతట తను గట్టిపడుతుందని ఆయన చెప్పేవాడు.

"అంటే దెబ్బలు తిని, వెచ్చగా పడుకుంటే గట్టిపడుతుందన్నమాట" అంది చెల్లెలు. "నేను ఆ రెండూ చేశాను బాబాయ్. ఆస్పత్రివాళ్ళు సరిగ్గా మాగబెట్టినట్టు లేరు."

"నువ్వు పచ్చిగా ఉంటేనే తట్టుకోలేకపోతున్నాం తల్లీ" అన్నాడు బాబాయి. "మాగితే ఇంకేమైనా ఉందా."

టర్నర్ తన షాపుకు వచ్చి స్టెయిన్‌లెస్‌తోనే లేత్ మీద కొత్త పిన్ను తిప్పాడు. కోసే టూలు తీసేసి, దాని చోట గుండు ఉన్న టూలు బిగించాడు. గుండు గోళీకాయ కన్నా చిన్నది, పిన్ను కన్నా గట్టిది. పిన్ను తిరుగుతుంటే గుండు స్ప్రింగు బలంతో దానికి ఒరుసుకుంటూ ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తుంది. పొట్టు రాలదు. నూనె మాత్రం పొగలు కక్కుతుంది. ఒకసారి నడిపి, బిగువు పెంచి మళ్ళీ నడిపాడు. లేత్ గీతలు మాయమై పిన్నులో దీపం కనిపించింది.

పిన్నును తీసుకెళ్ళి చూపిస్తే బాబాయి జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. చేతిలో ఉన్న స్టెయిన్‌లెస్ ముక్కకు ఆనిస్తే కింద పడింది. నొక్కిన పిన్నుకు ఆనించాడు. అంటుకుంది. గట్టిగా కాదు, ఊదితే కదిలేంత. చెల్లెలు దాన్ని ఊడదీసి మళ్ళీ అంటించి చూసింది.

"నలిగిన తోలు దాన్ని పట్టుకుంటుంది" అన్నాడు బాబాయి. "లోపలంతా మామూలే. గట్టిదనమంతా ఆ పైనే ఉంటుంది."

పిన్ను పొయ్యిలోకి వెళ్ళింది. సాయంత్రం చల్లారాక తీస్తే లేత పసుపు రంగులో ఉంది. బాబాయి దాన్ని గుడ్డలో చుట్టి ఇస్తూ, పండు మాగిందన్నాడు.

మర్నాడు ఆ పిన్ను కాళ్ళ మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. కొయ్యకాళ్ళు చేసే చోట ఆయన పని, కొలతలు తీసి కాలు తొడిగించడం. పాత బుష్‌లో దుమ్ము దిగబడిందని ఆయన దాన్ని ముందే మార్చేశాడు. కొత్త బుష్ రంధ్రం కొంచెం చిన్నది. పిన్ను పట్టడం లేదని టర్నర్‌కి ఫోన్ చేశాడు. టర్నర్ వెళ్ళి, పిన్ను తీసుకుని తన షాపుకు వచ్చాడు.

చాలా కొంచెమే తీయాలి. రెండు వెంట్రుకలు, మహా అయితే మూడు. అతను పిన్నును లేత్‌కి బిగించి టూలు ఆనించాడు. పసుపు పొర సన్నని చుట్టగా లేచి నూనెలో పడింది. అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నడిచింది. పైన ఎమెరీ అనే గరుకు కాగితం పట్టి తెల్లగా మెరిపించాడు. కాళ్ళ మేస్త్రి చేతిలో పిన్ను బుష్‌లోకి నూనె జారినట్టు జారింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఇంట్లో చెల్లెలు అడిగింది. "పసుపు ఏమైంది?"

"తోమాను" అన్నాడు అన్నయ్య.

ఆమె ఇంటి మెట్ల మీద సాధన చేసింది. డిపో డ్రైవర్ ఒకతను ఆమె పాత జతగాడు. షెడ్డుకు వెళ్ళే ఖాళీ బస్సులో ఆమెను ఎక్కించుకుని, వంపుల దగ్గర కావాలని బస్సును విసురుగా తిప్పేవాడు. మొదటి రెండు రోజులూ మోకాలు కట్టెలా నిలబడింది. మూడో రోజు వంపులో టిక్కుమంది. టిక్కు వచ్చిన మర్నాడు ఊగుతుందని ఆమెకు తెలుసు. మర్నాడు ఊగింది.

ఆ రాత్రి ఆమె మంచం మీద కూచుని స్క్రూ విప్పి పిన్ను తీసింది. వదిన కుట్టుపెట్టెలో సూదులు ఏరే అయస్కాంతం ఉంటుంది. దాన్ని పిన్నుకు ఆనించింది. పడింది. తిప్పి ఆనించింది. మళ్ళీ పడింది. అన్నయ్య తనంతట తను చెబుతాడేమోనని మరుసటి రోజంతా చూసింది. అతను చెప్పలేదు. మోకాలు ఊగడం అతనికి కనబడుతూనే ఉంది. ఆమె నడుస్తుంటే అతను పక్కకు చూశాడు.

పరీక్ష రెండు రోజులుందనగా ఆమె షాపుకు వెళ్ళింది. అప్పుడు మధ్యాహ్నం. వదిన క్యారియర్ విప్పుతోంది. చెల్లెలు స్టూలు మీద కూచుని, పిన్ను బల్లమీద పెట్టి, దాని మీద అయస్కాంతం పెట్టింది. అది జారి బల్లమీద పడింది. ముగ్గురూ దాన్ని చూశారు.

"తోలు తీసేశావు" అంది చెల్లెలు.

పిన్ను బిగుతుగా ఉందన్నాడు అన్నయ్య.

"ఆ రంధ్రాన్ని పెద్దది చెయ్యకూడదా?"

"చెయ్యొచ్చు."

"మరి?"

అతను చేతులు తుడుచుకున్నాడు. తనకు పని నేర్పిన మేస్త్రి ఎప్పుడూ అలా చెప్పలేదన్నాడు. ఇన్నేళ్ళలో తానెప్పుడూ కడ్డీని వదిలి రంధ్రం జోలికి పోలేదన్నాడు. చెయ్యి దానంతట అది వెళ్ళిందన్నాడు.

"నన్ను కౌంటర్లో కూచోబెట్టడానికి చేశావా?"

ఆ ప్రశ్నకు అతను వెంటనే కాదనలేదు.

"అందుకు చెయ్యలేదు" అన్నాడు చివరికి. "కానీ పసుపు లేచిపోతుంటే చూశాను. చూసీ ఆగలేదు. పోతే పోయింది, కుర్చీ ఉందిగా అనుకున్నానేమో. ఏమో. నిజంగా తెలీదు."

చెల్లెలు అయస్కాంతాన్ని వేళ్ళతో తిప్పుతూ కూచుంది.

వదినే నోరు తెరిచింది. "ఆ సామెత ఉంది చూడండి, దాన్ని ఇవాళ చెరువులో పారేసి రండి. లేకపోతే మీకు ఈ గిన్నె లేదు."

"చెరువెక్కడుంది ఇక్కడ" అన్నాడతను.

"డ్రైనేజీ ఉందిగా."

చెల్లెలికి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. తర్వాత పిన్ను అన్నయ్య ముందుకు తోసింది. ఈ పిన్ను ఎందుకూ పనికిరాదని, ఇంకోటి చెయ్యమని, శుక్రవారం పొద్దున్నకల్లా కావాలని చెప్పింది. పరీక్షలో పడిపోతే పడిపోతానని, కానీ తన తప్పువల్లే పడిపోవాలని చెప్పింది.

ఆ సాయంత్రం అతను పిన్ను తిప్పాడు, నొక్కాడు. అయస్కాంతం అంటుకుంది. మర్నాడు బాబాయి పొయ్యిలో పెట్టాడు. జరిగింది వింటూ బాబాయి ఎవరినీ ఏమీ అనలేదు. తొందరగా అవుతుందని వేడి కొంచెం పెంచమని టర్నర్ అడిగినప్పుడు మాత్రం, కాయను గుద్దితే పండుతుందా అన్నాడు. టర్నర్ పిల్లి పక్కన కూచుని ఎదురుచూశాడు.

పిన్ను పసుపుగా వచ్చింది. కాళ్ళ మేస్త్రి మోకాలి బందు విప్పి తనే షాపుకు తెచ్చాడు. చెల్లెలు చంకకర్రలు గోడకు ఆనించి స్టూలు మీద కూచుంది. తన కాలు బల్లమీద, తను స్టూలు మీద, ఇద్దరిలో ఎవరు ముందు నడుస్తారో చూడాలంది. టర్నర్ బుష్‌ని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి రీమర్ తీశాడు. రీమర్ అంటే పొడవునా పళ్ళున్న కడ్డీ. రంధ్రంలో పెట్టి చేత్తో తిప్పితే లోపలి గోడను పొడిలా గీకుతుంది. పిన్ను జోలికి వెళ్ళకుండా రంధ్రాన్ని పిన్నుకు సరిపెట్టడం అతనికి కొత్త. పావు తిప్పుడు తిప్పి ఆగుతాడు, తుడుస్తాడు, పిన్ను ఆనించి చూస్తాడు. కంచు పొడి కాగితం మీద రాలింది. ఒకచోట అతని చెయ్యి అలవాటుగా ఎమెరీ కాగితం వైపు వెళ్ళింది. చెల్లెలు దాన్ని తీసి తన కింద పెట్టుకుని కూచుంది.

పిన్ను బుష్‌లోకి దిగినప్పుడు, పసుపు ఎక్కడా చెరగలేదు.

"అత్తగారు దిగొచ్చింది" అంది వదిన.

శుక్రవారం పొద్దున డిపోలో బస్సు సిద్ధంగా ఉంది. పాత జతగాడే డ్రైవర్. ఆఫీసర్ ముందు సీట్లో కూచున్నాడు, అన్నయ్య చివరి సీట్లో. మధ్యలో ప్రయాణికుల్లా కూచోమని వర్క్‌షాపు మనుషుల్ని కొందరిని ఎక్కించారు. చెల్లెలు టికెట్ మిషన్ మెడకు తగిలించుకుంది.

బస్సు మొదటి మెట్టు ఎత్తు. ఆమె రెండు చేతులతో కమ్మీ పట్టుకుని మంచి కాలు ముందు వేసి, కుడికాలిని వెనక లాక్కుంది. ఒకసారి జారి, రెండోసారి ఎక్కింది. లోపలికి వచ్చాక ఇక కమ్మీ పట్టుకోలేదు. టికెట్లు కొట్టడానికి రెండు చేతులూ కావాలి. బస్సు మలుపు తిరిగింది. ఆమె నడుం వంపుకు ఎదురుగా వాలింది, మోకాలు నిలబడింది. టిక్కు లేదు. వర్క్‌షాపు మనిషి ఒకడు చిల్లర లేదన్నాడు. చిల్లర లేనివాడు దిగి నడవాలని, రోడ్డు ఉచితమేనని ఆమె చెప్పింది. ఆ మాటకు బస్సులో నవ్వులు లేచాయి. అదే సమయంలో డ్రైవర్ బ్రేకు వేశాడు. నవ్వుతున్నవాళ్ళు ముందు సీట్లకు గుద్దుకున్నారు. ఆమె ఒక అడుగు వేసి నిలబడింది.

బస్సు డిపోకి తిరిగొచ్చింది. ఇంజను ఆగలేదు. ఆఫీసర్ లేచి, పాసయ్యారమ్మా అన్నాడు. కానీ అని కూడా అన్నాడు. మొదటి మెట్టు దగ్గర కష్టమవుతోంది, రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగాలో ఆలోచించుకోవాలి, కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. ఆయన మనిషి మంచివాడు, మంచికే చెబుతున్నాడు.

"మీ అన్నగారు కూడా ఆ రోజు వచ్చి అదే అన్నారు. మీరు సర్దుకుంటారని."

చెల్లెలు వెనక్కి తిరిగి చివరి సీటువైపు చూసింది. డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. అన్నయ్య సీటు కమ్మీ పట్టుకుని లేచాడు.

"ఆ మాట తప్పు సార్. వెనక్కి తీసుకుంటున్నాను. సర్దుకోవాల్సింది మా చెల్లెలు కాదు."

"మరెవరు?" అన్నాడు ఆఫీసర్.

"మెట్టు."

ఆఫీసర్‌కి అర్థం కాలేదు. అన్నయ్య ముందుకు వచ్చి వివరించాడు. మొదటి మెట్టు కింద ఇంకో మెట్టు బిగించొచ్చు, కాలితో తోస్తే దిగుతుంది, బస్సు కదిలేముందు పైకి మడత పడుతుంది, ముసలివాళ్ళకీ, సంచులు మోసేవాళ్ళకీ పనికొస్తుంది, బందు పిన్ను తాను చేసిస్తానన్నాడు. వర్క్‌షాపు మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెయ్యొచ్చని వాళ్ళలో ఒకడు అన్నాడు. ఆఫీసర్ కిందికి దిగి, మెట్టు ఎత్తును తన మోకాలితో కొలుచుకుని చూశాడు. సోమవారం నుంచి డ్యూటీకి రమ్మని చెప్పి, మెట్టు సంగతి మాట్లాడడానికి వర్క్‌షాపు మనుషుల్ని వెంట తీసుకుని వెళ్ళాడు.

బస్సులో ముగ్గురు మిగిలారు.

"నాకు చెప్పకుండా డిపోకి వచ్చావన్నమాట" అంది చెల్లెలు.

"వచ్చాను."

"వదినకి తెలుసా?"

"తెలుసు. నీకు తెలిసిన రోజు పుట్టింటికి వెళ్తానంది."

"ఇంటికెళ్ళాక చెప్తా మీ ఇద్దరి సంగతి."

బస్సు షెడ్డుకు బయలుదేరింది. షెడ్డుకు దారి వాళ్ళ వీధి మీదుగానే. అన్నయ్య దగ్గర్లో ఉన్న సీట్లో కూచున్నాడు. ఆమె వచ్చి అతని పక్కన నిలబడింది, ఏదీ పట్టుకోకుండా. మలుపు వచ్చింది. అతను ఆమె మోకాలి వంక చూస్తూ చెవి రిక్కించాడు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

ఆమె టికెట్ మిషన్ మీద వేలు పెట్టింది.

"ఎక్కడికి?" అని అడిగింది.